పదకొండున్నర ఇంచుల జేబు

శంషాబాద్ బజార్లో టైలర్ అనంతయ్య గురించి ఒకప్పుడు ఎవరినడిగినా రెండు మాటలు చెప్పేవారు. ఒకటి, ఆయన కుట్టిన బట్ట మనిషి ఒంట్లో ఉన్న వంకరను దాచేస్తుంది. రెండు, చెప్పిన రోజుకి బట్ట ఇచ్చేస్తాడు. మొదటిదంటే చేతిలో పనితనం ఉంటే వస్తుంది. రెండోది మాత్రం, చెప్పొద్దూ, టైలర్ల జాతిలోనే వింత! అప్పటికి ముప్పై నాలుగేళ్ళుగా మిషను తొక్కుతున్నా, "రేపు రా" అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఒక భుజం దిగిపోయిన యాదయ్యకు లోపల దూది పెట్టి చొక్కా కుట్టి పెళ్ళిచూపులకు పంపిస్తే, ఆ సంగతి అత్తగారి వాళ్ళకు పెళ్ళయిన మూడు నెలలకు గాని తెలియలేదు. అప్పుడు కూడా వాళ్ళు యాదయ్యను తిట్టలేదు, అనంతయ్య దగ్గర బట్టలు కుట్టించుకోవడం మొదలుపెట్టారు.

ఆయనకు ఇంకో పట్టుదల కూడా ఉంది. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పడు. కొలతల పుస్తకం ఆయన చేతిలో, ఆయన భార్య కొండమ్మ చేతిలో తప్ప మూడో చేతిలో పడలేదు. కొండమ్మ పక్కనే కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేస్తుంది. విమానం నెత్తిమీద నుంచి పోయినప్పుడల్లా ఇద్దరూ సూది ఆపి, మోత తగ్గాక మళ్ళీ మొదలుపెడతారు.

ఇలాంటి మనిషి రెండువేల పన్నెండు దసరాకు పదిహేను రోజుల ముందు నుంచి బుర్ర పనిచేయకుండా తిరిగాడు. దానికి కారణం చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే బట్టలు కుట్టించుకునే గోవర్ధన్.

గోవర్ధన్ మధ్యాహ్నం పూట దుకాణంలోకి వచ్చి, షట్టరు సగం కిందికి గుంజి, తువ్వాలలో చుట్టిన వస్తువొకటి కటింగు బల్ల మీద పెట్టాడు. తువ్వాల విప్పాడు. లోపల నల్లగా, నిగనిగలాడుతూ రివాల్వర్!

"అయ్యో, నీ జిమ్మడ! ఏందిరా ఇది?" అనంతయ్య స్టూలుతో సహా వెనక్కి జరిగాడు.

"లైసెన్సుదే మామా. గుండ్లు తీసేసిన, బుగులు పడకు. ఇది పైకి కనవడకుంట సఫారీ కుట్టాలె. దసర నాటికి గావాలె."

అనంతయ్య టేపు తీశాడు. తుపాకీ మొన నుంచి పిడి చివర దాకా కొలిచాడు. పదకొండున్నర ఇంచులు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది. పక్క జేబులో పెట్టి చూస్తే జేబు మోకాలి దాకా వేలాడింది. నడుములో దోపి చూస్తే, కూర్చోగానే కడుపులో గుచ్చుకుని గోవర్ధన్ కెవ్వుమన్నాడు. చంక కింద పెడితే, చెయ్యి కిందికి దిగక, చంకలో గడ్డ లేచినవాడిలా నిలబడ్డాడు.

"గంత పెద్దది ఎందుకు తెచ్చినవ్ బిడ్డా? ఇంకా చిన్నయి దొరకయా?"

"దొరుకుతయ్. దుకాన్ల చూపిచ్చిండు. అరచేతిల పట్టేటంత ఉంది, పిల్లలాడుకునే దాని లెక్క. ధరకు పెద్ద ఫరక్ లేదు మామా. ఫరక్ లేనప్పుడు చిన్నది ఎవడన్న తీస్కుంటడా?"

బర్రెను కొన్నా, బీరువాను కొన్నా ఆ ఇంట్లో అదే లెక్క, అనంతయ్యకు తెలుసు. గోవర్ధన్ ఆ తుపాకీ గొట్టాన్ని తువ్వాల కొసతో తుడుస్తూ, పసిపిల్ల బుగ్గ నిమిరినంత ముద్దుగా చూసుకుంటున్నాడు. ముద్దు సరే, లైసెన్సు కోసం రెండేళ్ళు తిరిగి తెచ్చుకున్న వస్తువు బీరువా దాటి బయటికి రాలేదట. ఏ చొక్కాలోనూ ఇమడదు మరి!

"దసరకే ఎందుకు?" అని అడిగాడు అనంతయ్య.

గోవర్ధన్ గొంతు తగ్గించాడు. "అన్న ఇంటికి పోవాలె, అమ్మ ఆడనే ఉంటది. అమ్మ గట్టిగ చెప్పింది. ఇద్దరు కలిసొచ్చి జమ్మి ఆకు చేతిల పెడితేనే తీస్కుంటదట, ఒక్కొక్కలు వస్తే చెయ్యి చాపదట. పోవాలంటే భయమైతుంది మామా. మా అన్న తుపాకి కొన్నడు. గది తెలిసినంకనే నేను కొన్న."

ఆ అన్న పేరు ఈశ్వరయ్య. ఆరేళ్ళ కిందట పొలం పంచుకున్నప్పుడు బోరు ఎవరి వాటాలోకి రావాలన్న దాని మీద అన్నదమ్ములు కొట్టుకునేదాకా వెళ్ళారు. "నా గడప తొక్కితే నరుకుత" అని అన్న అన్నాడు. తమ్ముడు తొక్కలేదు. తర్వాత ఇద్దరూ ఆ భూములు అమ్ముకున్నారు. ఇప్పుడా బోరు మీద పెద్ద గోదాము లేచింది. నీళ్ళు అన్నకూ లేవు, తమ్ముడికీ లేవు, మాటలు కూడా లేవు.

గోవర్ధన్ నడుము కొలిచి పుస్తకంలో రాయబోతూ అనంతయ్య ఆగాడు. పోయినసారి ముప్పై ఎనిమిది. ఇప్పుడు ముప్పై నాలుగు. టేపు తప్పేమోనని మళ్ళీ చుట్టాడు. ముప్పై నాలుగే.

మూడు రోజులు గడిచాయి. పొద్దున్నే దుకాణం తెరిచీ తెరవకముందే ఈశ్వరయ్య వచ్చాడు. పంచె కట్టు, బనీను, భుజాన కండువా, చేతిలో బియ్యం సంచి. సంచి బల్ల మీద పెడితే ఠంగుమంది. అనంతయ్య గుండె కూడా అలాగే అంది.

"మామా, లాల్చీ కుట్టాలె. ఇది లోపల పట్టాలె, పైకి కనవడొద్దు." ఎవరో దొరవారి ఇంట్లో నుంచి వచ్చిన పాత రివాల్వర్ అట, లైసెన్సు కూడా ఉందట. పన్నెండు ఇంచులు! "దసరకు తమ్ముడు ఇంటికి వస్తడట. ఆని తాన తుపాకి ఉంది. గది విన్నంకనే నేను కొన్న."

అనంతయ్యకు తల తిరిగింది. అన్న కొన్నాడని తమ్ముడు కొన్నాడు. తమ్ముడు కొన్నాడని అన్న కొన్నాడు. అయితే ముందు కొన్నదెవరు? వేళ్ళు మడిచి లెక్క కట్టాడు, ఎటు నుంచి కట్టినా తెగలేదు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. మరి ఎవరూ కొనకముందే ఇద్దరికీ ఎట్లా తెలిసింది? బజారు మాట ముందు పుట్టి, తుపాకులు దాని వెనకాల వచ్చాయా? ఆలోచించినకొద్దీ బుర్రలో దారాలు చిక్కుపడుతున్నాయి. ఈశ్వరయ్య చాతీ కొలిస్తే అదీ మూడు ఇంచులు తగ్గింది.

ఈ ఇద్దరికీ మొదటి నిక్కర్లు కుట్టింది తనే. వాళ్ళ బాపు ఒకే తానులోంచి గుడ్డ కొనుక్కొచ్చి, "పెద్దోనివి జర వదులుగ కుట్టు, రేపు చిన్నోడు తొడుక్కుంటడు" అన్నాడు. ఆ గుడ్డ రంగు కూడా అనంతయ్యకు గుర్తుంది, మెంతాకు రంగు.

ఒకరి సంగతి ఇంకొకరికి చెబుదామా అంటే ముప్పై నాలుగేళ్ళ పట్టుదల నోరు నొక్కింది. పైగా చెబితే ఏమవుతుంది? "చూసినవా, నేను చెప్పలే?" అని ఇద్దరూ ఇంకో నలుగురిని వెంటేసుకుని పోతారు. పోలీసులకు చెబుదామా? ఇద్దరివీ లైసెన్సు తుపాకులేనాయె, వాళ్ళేం చేస్తారు? గోవర్ధన్ ఫిటింగ్ చూసుకోవడానికి వచ్చినప్పుడు, "పండుగ పూట అది ఇంట్లనే పెట్టిపో బిడ్డా" అని మెల్లగా అన్నాడు. "నీ పని నువ్వు చెయ్ మామా" అని గోవర్ధన్ మొహం తిప్పుకున్నాడు. సరే, నా పని నేను చేస్తానని అనంతయ్య మిషను మీద కూర్చున్నాడు.

పనిలో పడ్డాక భయం పోయి పంతం వచ్చింది. బరువు జేబు మీద పడకూడదు, భుజం మీద పడాలి. లైనింగు లోపల భుజం నుంచి వెడల్పాటి పట్టీ దింపి, దానికి వాలుగా జేబు వేలాడదీశాడు. లాల్చీకి కూడా అదే పద్ధతి. ఎనిమిది రోజుల్లో రెండూ తయారయ్యాయి. తుపాకీ లేదు గనక, దాదాపు అంతే పొడవున్న తన పెద్ద కత్తెరను సఫారీ జేబులో పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, వంగాడు, కూర్చున్నాడు. కత్తెర ఆనవాలు ఎక్కడా లేదు! తన పనితనానికి తనకే ఒళ్ళు పులకరించింది.

"కొండమ్మా, చూడవే! ఏమన్న కనవడుతుందా?"

కొండమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "కనవడ్తలేదు. మంచిగనే దాచినవ్. గని, దసర నాడు జమ్మి పెట్టినంక ఏం జేస్తరు?"

"ఏం జేస్తరు? అలాయ్ బలాయ్ తీస్కుంటరు."

కొండమ్మ లేచి వచ్చి మొగుణ్ణి గట్టిగా కావలించుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పట్టపగలు దుకాణంలో అలా చేయడం అదే మొదటిసారి. కత్తెర పిడి ఆమె రొమ్ముకు ఠక్కున తగిలింది.

"కంటికైతే దాచినవ్. రొమ్ముకెట్ల దాస్తవయ్యా?"

అనంతయ్య స్టూలు మీద కూలబడ్డాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టుకున్నాక కావలించుకోని వాళ్ళుంటారా ఈ ఊళ్ళో? తమ్ముణ్ణి దగ్గరికి తీసుకుంటాడు అన్న. ఇనుముకు ఇనుము తగులుతుంది. ఇద్దరూ బెదిరి వెనక్కి దూకుతారు. ఇద్దరి చేతులూ లోపలికి పోతాయి, ఆ చేతులు సులువుగా పోయేలా జేబులు కుట్టింది ఎవరు? తనే. వాలు కూడా లెక్కగా పెట్టాడు, దిక్కుమాలిన పనితనం! ఎదురుగా తల్లి కౌసల్యమ్మ చేతులు చాపుకుని నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఊహించడానికి అనంతయ్యకు ధైర్యం చాలలేదు.

దసరా రానే వచ్చింది. సఫారీ, లాల్చీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. అనంతయ్య వాటిని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు. చేస్తున్నది మంచో చెడో ఆయనకే తెలియదు. ఇంకేమీ తోచక చేశాడు. సాయంత్రం ఊరంతా జమ్మికి పోతుంటే దుకాణంలో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు.

ఐదున్నరకు గోవర్ధన్ వచ్చాడు. ఒంటి మీద పల్చటి పొట్టి చేతుల చొక్కా. "మామా, సఫారీ?"

అనంతయ్య బొడ్లో తాళంచెవిని తడుముకున్నాడు. "రేపు రా బిడ్డా."

"రేపా? పండుగ ఇయ్యాల అయితే రేపు ఇస్తవా? ఇప్పుడు నేనేం తొడుక్కోని పోవాలె? తమాష చేస్తున్నవా?" గోవర్ధన్ బల్ల మీద గుద్దాడు. సూదుల డబ్బా ఎగిరి కింద పడింది.

అదే సమయానికి గడపలో ఈశ్వరయ్య నిలబడ్డాడు. లాల్చీ ఇక్కడే తొడుక్కుందామని బనీను మీదే వచ్చాడు, పంచె, కండువా, అంతే.

దుకాణం పది అడుగులు లేదు. ఆరేళ్ళ తర్వాత అంత దగ్గరగా నిలబడ్డారు. అన్న కళ్ళు తమ్ముడి నడుము మీదికి పోయాయి. తమ్ముడి కళ్ళు అన్న కండువా మీదికి పోయాయి. ఆ చొక్కాలో, ఆ బనీనులో తుపాకీ దాచడానికి చోటెక్కడ? అంత ఇష్టపడి కొనుక్కున్న తుపాకులు రెండూ రెండు బీరువాల్లో పడి ఉన్నాయి. పైన విమానం పోయింది. మోత తగ్గేదాకా ఎవరూ కదల్లేదు.

"నాది?" అన్నాడు ఈశ్వరయ్య.

"నీది గూడ రేపే."

"థూ, నీ! మన బాపు ఉన్నప్పటి సంది ఒక్క దినం అటిటు గాలే. ముసలితనమొచ్చి మతి పోయిందారా ఈయనకు?"

ఈ చివరి మాట తమ్ముడితో అన్నాడు. తెలిసి అన్నాడో, కోపంలో జారిందో!

"గదే అంటున్ననే నేను గూడ! పండుగ పూట పరేషాన్ చేస్తుండు" అన్నాడు గోవర్ధన్.

ఇక ఇద్దరూ కలిసి అందుకున్నారు. అనంతయ్యను, ఆయన మిషనును, ఆయన మతిమరుపును ఒకరి మాటకు ఒకరు వంత పాడుతూ దులిపేశారు. బజారంతా వింటోంది. ముప్పై నాలుగేళ్ళ పేరు గంగలో కలిసిపోతుంటే అనంతయ్య తల దించుకుని తిట్లు తింటున్నాడు. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆయనకే తెలియడం లేదు.

జమ్మి దగ్గరికి పోయిన కొండమ్మ కొంగు నిండా ఆకుతో వచ్చింది. "పండుగ పూట తిట్లేంది? జమ్మి బంగారం తీస్కోండ్రి" అని చెరో పిడికెడు చేతుల్లో పోసింది.

గోవర్ధన్ చేతిలోని ఆకు వైపు చూశాడు. తర్వాత అన్న చేతిలో పెట్టి, వంగి కాళ్ళు మొక్కాడు. ఈశ్వరయ్య లేపి దగ్గరికి తీసుకున్నాడు. వీపు నిమిరిన చెయ్యి పక్కటెముకల మీద ఆగిపోయింది.

"ఏందిరా గిట్లయినవ్? బొక్కలు చేతికొస్తున్నయ్."

"నిద్ర పడ్తలేదన్నా" అన్నాడు గోవర్ధన్. నలభైకి దగ్గరపడ్డ మగవాడు అన్న బనీనులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నీతోని భయమయ్యి."

"నాకు గూడ" అన్నాడు ఈశ్వరయ్య.

ఇద్దరూ అదే బనీను, అదే చొక్కాతో తల్లి దగ్గరికి నడిచిపోయారు. కొండమ్మ కింద చెల్లాచెదురైన సూదులు ఏరుతుంటే, అనంతయ్య పెట్టె మీద కూర్చుని వాళ్ళు పోయిన దారి వైపు చూశాడు.

ఆ తుపాకులు తర్వాత ఏమయ్యాయో అనంతయ్యకు తెలియదు. ముందు కొన్నదెవరో ఈనాటికీ తేలలేదు. పండుగ మర్నాడు ఆయనే ఆ రెండు జేబులూ విప్పేశాడు. ఈశ్వరయ్య వచ్చి లాల్చీ తొడుక్కుని లోపల తడిమి చూశాడు. "జేబేది మామా?" అన్నాడు. "మర్చిపోయిన" అన్నాడు అనంతయ్య. ఈశ్వరయ్య ఆయన మొహంలోకి ఓసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

బజార్లో మాత్రం ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. దసరాకు బట్టలివ్వని అనంతయ్య అని ఇప్పటికీ నవ్వుతారు. ఆయన ఎదురు చెప్పడు. రెండువేల పద్నాలుగు దసరాకు గోవర్ధన్ కొత్త చొక్కాకు కొలతలిచ్చాడు. టేపు చుట్టి చూస్తే నడుము ముప్పై ఎనిమిది. అనంతయ్య ఈసారి రెండోసారి కొలవలేదు, పుస్తకంలో రాసుకున్నాడు.