పెద్దమ్మ ట్రాలీ

మా పెద్దమ్మ మాట్లాడితే వీధి చివరి కొట్టువాడికి కూడా వినపడేది. అలాంటి మనిషి ఎదురుగా ఉన్న మరిదికి, అంటే మా నాన్నకి, ఏదైనా చెప్పాలంటే మాత్రం నా వైపు తిరిగేది. "ఇరుసుకి గ్రీజు పెట్టమను మీ నాన్నని." నాన్న ఆ పక్కనే ఉండేవాడు. అయినా నేను చెప్పేదాకా గ్రీజు డబ్బా ముట్టేవాడు కాదు. "పెట్టానని చెప్పు మీ పెద్దమ్మకి." వీళ్లిద్దరి మధ్యా నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

పెదనాన్న పోయాక రిపేరు షెడ్డు భారమంతా పెద్దమ్మ నెత్తిన పడింది. వెల్డింగు నుంచి బేరాల దాకా అన్నీ ఆమే. ఆయన పొలానికి వాడిన ట్రాలీ షెడ్డు వెనక తుప్పుపట్టి పడి ఉండేది. హైడ్రాలిక్ జాకీతో తొట్టి పైకి లేచి, లోపలున్న మట్టినో ధాన్యాన్నో తనే వెనక్కి గుమ్మరించే రకం. "తుక్కుకి ఇచ్చేద్దాం" అని నాన్న ఒకరోజు నోరుజారాడు. అంతే, పెద్దమ్మ ఆయనతో మాటలు మానేసింది. అయినా ఆమె దాన్ని బాగుచేయడానికి పూనుకుంటే, నాన్న పిలవకుండానే వచ్చి పనిలోకి దిగాడు. తప్పయిందని అనడానికి మాత్రం ఆయనకి నామోషీ.

రేకులు మార్చారు, చట్రానికి అతుకులు వేశారు, పంపు బిగించారు. ఆ ఉదయం ట్రాక్టరుకి తగిలించి లివర్ లాగితే తొట్టి మూలుగుతూ లేచి నిలబడింది. పెద్దమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వంక పెట్టి తుడుచుకుంది. ఇంతలో జాకీ మొదట్లో నూనె చెమ్మ కనిపించి, నాన్న పానా పట్టుకుని తొట్టి కిందికి దూరాడు.

"ముందు ఊతం పెట్టమను," అంది పెద్దమ్మ నాతో. ఇనప ఊతం నిలబెట్టకుండా లేచిన తొట్టి కిందికి ఎవరూ దూరకూడదన్నది ఆ షెడ్డు కట్టుబాటు.

"రెండు బిగింపుల పనేనని చెప్పు," అన్నాడు నాన్న లోపలినుంచి.

చెప్పాను. ఆమె పళ్లు కొరికింది. పంతానికి ఇద్దరూ ఇద్దరేనని నాకు ఒళ్లు మండింది.

అప్పుడే జాకీకి నూనె అందించే పైపు చీలి నూనె చిమ్మింది. తొట్టి దిగడం మొదలైంది. చప్పుడు లేదు, తొందర లేదు, దిగుతోంది.

"బయటికి రమ్మను!" పెద్దమ్మ నా మీద అరిచింది.

భయంతో నాకు నోరు పెగల్లేదు. నాన్న చీలిన పైపుని అరచేత్తో అదిమి పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. కదలడే! నేను చెబితే తప్ప ఆ మాట చెవిన పడనట్టే ఉన్నాడు.

పెద్దమ్మ ఊతం అందుకుని పరుగెత్తింది. నిలువుగా పెట్టే వ్యవధి లేక వాలుగా దూర్చి భుజం ఆనించింది. ఇనుము కిర్రుమంది.

"చిన్నోడా! బయటికి రారా!"

తను కాపురానికి వచ్చిన కొత్తలో, నిక్కర్లేసుకునే మరిదిని పిలిచిన పిలుపది. నాన్న ఒక్కసారిగా దొర్లుకుంటూ బయటపడ్డాడు. ఆమె పక్కకి దూకింది. ఊతం జారిపోయి తొట్టి చట్రం మీద పడితే కాళ్ల కింద నేల అదిరింది. ఇందాక నాన్న తల ఉన్న చోట ఇప్పుడు చెయ్యి దూరే సందు కూడా లేదు.

ముగ్గురం నేల మీద కూలబడ్డాం. పెద్దమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

"రమ్మంటే వినపడలేదా నీకు?"

"వినపడింది వదినా."

"మరి?"

నూనె కారుతున్న మొహంతో నాన్న తల దించుకున్నాడు. "నాతో అనలేదుగా నువ్వు."

ఆమె చెయ్యెత్తింది. చెంప పగిలిందే అనుకున్నాను. ఆ చేత్తోనే ఆయన తలని దగ్గరికి లాక్కుని బావురుమంది.