వందకు రెండు డిగ్రీలు తక్కువ

1994 ఫిబ్రవరి. ఢిల్లీలో తెలుగు పిల్లల బడిలో ఏడో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. పరికల్పన, పరిశీలన, నిర్ధారణ అనే మాటలకు అర్థాలు వల్లె వేయించి, నీళ్లు మరిగించి, ఒక్కొక్కరినీ బడిలోని పాత థర్మామీటర్ చూసి రాసుకోమన్నాను. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది వంద డిగ్రీలని రాశారు. జవాను కూతురు లత మాత్రం తొంభై ఎనిమిదని రాసింది.

“పుస్తకంలో ఎంతుంది?” అని అందరి ముందూ గద్దించి, ఐదు మార్కుల్లో రెండు కోశాను.

“దీనికి చష్మా కావాలి మేడమ్!” అని వెనక బెంచీ నవ్వింది.

“నేను మూడుసార్లు చూశాను మేడమ్. ఆప్ దేఖ్ లీజియే,” అంది లత ఏడుస్తూ.

వంగి చూశాను. తొంభై ఎనిమిదే. ఆ పాత థర్మామీటర్ రెండు డిగ్రీలు తక్కువే చూపిస్తోంది.

తరగతి ముందే లతకు క్షమాపణ చెప్పి, ఐదుకు ఐదు వేశాను. మిగతావాళ్ల మార్కులు కోయడానికి చెయ్యి రాలేదు. కళ్లెదుట ఉన్నది వదిలేసి పుస్తకంలో ఉన్నది రాయడం వాళ్లకు నేర్పింది నేనే.