మోగని పంచమం

సునామీ నీళ్లు మా దీవిలో జంగ్లీఘాట్‌లోని మా తెలుగు చర్చిలోకి వచ్చేనాటికి లవీనాకి తొమ్మిదేళ్లు. ఉప్పునీళ్లలో నానిన హార్మోనియంని వాళ్ల నాన్న యేసురాజు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాడు. పంచమం మెట్టు ఒక్కటే మళ్లీ మోగలేదు. ఆ స్వరం వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు గొంతెత్తి పూడ్చేవాళ్లు. అదే వాడుకైపోయింది. లవీనా ఆ పెట్టె మీదే వాయించడం నేర్చుకుంది.

పెద్దయ్యాక 'నమక్', అంటే హిందీలో ఉప్పు, అన్న పేరుతో సొంతంగా సింఫొనిక్ మెటల్ బ్యాండ్ పెట్టింది. ఆ సంగీతంలో గిటార్ల హోరుతో పాటు బృందగానం ఉండాలి. ఆమె చర్చి ఆడవాళ్లనే పిలిచింది. అంత మోతలో మీరేం పాడతారని పాస్టరుగారు ఆపబోయారు. అందరిలోకీ పెద్దదైన లీదియమ్మ, "ఆ రోజు సముద్రం మోత విన్నోళ్లం అయ్యగారూ. ఇదెంత?" అంది.

ఏ రికార్డింగ్ కంపెనీ గడపా తొక్కకుండా పదేళ్లలో మూడు ఆల్బమ్‌లు చేశారు. అన్నిట్లోనూ ఆమె వాయించింది ఆ పాత హార్మోనియమే. నిరుడు దాని బదులు కొత్త కీబోర్డు వచ్చింది.

"దీదీ, ఇందులో పంచమం పలుకుతుంది కదా. ఇక ఆంటీలెందుకు?" అన్నాడు గిటారిస్టు ఫ్రెడ్డీ.

"నువ్వు నీ గిటార్ చూసుకో," అంది లవీనా.

ఆ సాయంత్రం వేదిక మీద పంచమం రాగానే ఆమె కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. గిటార్ల హోరుని దాటుకుని ఏడుగురు ఆడవాళ్ల గొంతులు లేచాయి.