తాత దినాల నాడు బాపు అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం భయపడే వేళ ఒకటుండేది. అది పొద్దుగూకే వేళ. మాది మంచిర్యాల. మా బాపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఇంటికొచ్చే దారిలోనే కల్లు దుకాణం. బాపు దాన్ని దాటుకుని నేరుగా ఇంటికి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఆయన అడుగుల చప్పుడు వినగానే అవ్వ, అంటే మా అమ్మ, నన్ను పక్కింటికి పంపేసేది. ఒకనాడు నేనక్కడ ఉండగానే అవ్వ చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో అవ్వ మంచం పక్కన తల వంచుకుని కూర్చున్న బాపుతో ఒక ముసలి పాస్టరుగారు చాలాసేపు మాట్లాడారు. ఆ ఏడే బాపు ప్రభువును నమ్ముకున్నాడు, గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నాడు, తాగుడు మానేశాడు. మానేశాడంటే ఆశ కూడా పోయిందనే నేననుకున్నాను. మందిరంలో ఆశానిగ్రహం గురించి చెబుతుంటే, అంటే మా బాపులాగా ఉండడమని గర్వంగా వినేదాన్ని.

ఇంట్లో మాత్రం బాపు ఒకచోట నిలిచేవాడు కాదు. సాయంత్రమైతే వాకిట్లోకి, పెరట్లోకి తిరుగుతూనే ఉండేవాడు. అన్నం తినేటప్పుడు కూడా మోకాలు ఆడుతుండేది. బాగానే ఉన్న చేంతాడును విప్పి మళ్ళీ పేనేవాడు. చివరికి నా చెయ్యి పట్టుకుని, "పా బిడ్డా, అట్ల తిరిగొద్దాం" అని రైలు పట్టాల వెంట నడిపించేవాడు. నాకు కాళ్ళు నొప్పులు పుట్టేవి. బాపుకు నడకంటే ఇష్టం కాబోలు అనుకునేదాన్ని.

చలికాలంలో మా తాత పోయాడు. తాతగానీ, బాపు వాళ్ళ అన్న, అంటే మా పెద్దబాపుగానీ ప్రభువును నమ్ముకున్నవాళ్ళు కాదు. మెట్‌పల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో దినాలు చేశారు. పోయిన మనిషి పేరు మీద ఆ రోజు కల్లు తాగడం ఆనవాయితీ. ఇంటి ముందు చుట్టాలంతా వరుసగా కూర్చున్నారు. కుండ వచ్చింది. వాసన నా దాకా తగిలింది. బాపు మోకాలు ఆడడం మొదలైంది.

పెద్దబాపు గ్లాసు నింపి తమ్ముడికి అందించాడు. ఆయన కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"మన బాపు పేరు మీద ఒక్క గుక్క తమ్మీ. గిది గూడ తాగకుంటే నువ్వు ఆయన కొడుకువేనా?"

బాపు గ్లాసు అందుకున్నాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అవ్వ గబుక్కున లేచి నిలబడింది. విరిగి అతికిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. 'నేను ప్రభువు బిడ్డను, నాకొద్దు' అని గట్టిగా అంటాడని నేను ఎదురుచూశాను. బాపు ఆ మాట అనలేదు.

"తాగబుద్ధి గాక కాదన్నా. పొద్దటి సంది నా పాణమంత గీ గ్లాసు మీదనే ఉన్నది" అన్నాడు. "ఒక్క గుక్కతోని ఆగేటోన్ని కాదు నేను. గది నీకెరుకే. బాపు మీద పేమ, పావురం లేదనకు. జర నన్ను గీడ కూసోనియ్యకు. ఏదన్న పని జెప్పు."

ఎవరో నవ్వారు. సిగ్గుతో నా తల వాలిపోయింది. పెద్దబాపు మాత్రం నవ్వలేదు. తమ్ముడి ముఖంలోకి కాసేపు చూసి, గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "గా కుండ ఇంటెనుకకు తీస్కపోర్రి" అని కేకేశాడు. తర్వాత మెల్లగా, "పొయ్యికాడ కట్టెలు తక్కువున్నయి, పో తమ్మీ" అన్నాడు. సాయంత్రం దాకా బాపు కట్టెలు కొడుతూనే ఉన్నాడు. పొయ్యికి కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు కొట్టాడు.

తిరుగు బస్సులో అడిగాను, "బాపూ, నీకు ఇంక గూడ తాగాలనిపిస్తదా?"

"అనిపిస్తది బిడ్డా. రోజు అనిపిస్తది."

"మరి దేవుడు తియ్యలేదా?"

"ఆశను తియ్యలే. లేసి పోయేతందుకు కాళ్లిచ్చిండు. ఎంబడి నడిసేతందుకు నిన్నిచ్చిండు."

పట్టాల వెంట ఆ నడకలు ఎందుకో అప్పుడు తెలిసింది. మరునాటి నుంచి నేనే ముందుగా వాకిట్లో నిలబడేదాన్ని. బాపు పోయేదాకా మళ్ళీ కల్లు ముట్టలేదు. ముసలితనంలో కూడా పొద్దుగూకితే ఆయనకు కుదురుండేది కాదు.

నాకు తాగుడు లేదుగానీ కోపం ఉంది. ఎన్ని ప్రార్థనలు చేసినా అది పోలేదు. లేనట్టు నటిస్తే ఇంకా చెడుతుంది. ఉందని చెప్పి లేచిపోవాలి, అంతే. మొన్న వంటింట్లో కోడలితో మాటా మాటా పెరిగింది. అనకూడని మాట నాలుక చివరి దాకా వచ్చింది. "జర ఆగు బిడ్డా. నాకు మస్తు కోపమొస్తుంది. గిప్పుడు మాట్లాడితే మంచిగుండదు, జర తిరిగొస్త" అని బయటికి నడిచాను.

గేటు దాటుతుంటే కోడలు వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. చేతిలో నా చెప్పులున్నాయి.

"ఎండ మండుతుంది అత్తమ్మా, ఏసుకొని పోండ్రి."

కొన్నిసార్లు వీధి చివరికి చేరేసరికే నా కోపం తగ్గుతుంది. ఆ రోజు మాత్రం చాలా దూరం నడవాల్సి వచ్చింది.