దయామణి గారి సాయంత్రపు షికారు

గడచిన మంగళవారం ఉదయం పదో తరగతి పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను. పద్యపాదం సగం వరకు గణవిభజన జరిగింది. అంతలో ప్రధానోపాధ్యాయిని వరలక్ష్మి గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లోపలికి రారు. నేనే సుద్దముక్క బల్ల మీద పెట్టి దగ్గరికి వెళ్ళాను.

“దయామణి గారు పోయారటండీ, మాస్టారూ. తెల్లవారుజామున, నిద్రలోనే” అన్నారు ఆమె. ఆ తరవాత గోడకు చెయ్యి ఆనించుకున్నారు.

నేను తిరిగి తరగతిలోకి వెళ్ళి, మిగిలిన సగం పాదానికి గణాలు గుర్తించడం పూర్తి చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. గురులఘువులన్నీ తారుమారుగా పెట్టానని పిల్లలు తరవాత చెప్పారు. మృత్యువు అనివార్యమని ఏళ్ళ తరబడి శ్లోకార్థాలు విప్పి చెప్పినవాణ్ణి. ఆ పూట ఒక్క శ్లోకమూ నా సహాయానికి రాలేదు. ఆమె అస్వస్థత గురించి తెలిసి కూడా, ఆమె లేని లోకాన్ని నేను ఏనాడూ ఊహించుకోలేదు.

మా బాలికోన్నత పాఠశాలలో దయామణి గారు లెక్కలు చెప్పేవారు. నేను తెలుగు పండితుణ్ణి. పక్క పక్క గదుల్లో చిరకాలం పాఠాలు చెప్పుకున్నాం. సన్నగా, పొడవుగా, ఎప్పుడూ మంగళగిరి నేతచీరలో కనిపించే మనిషి. బీజగణితమంటే వణికిపోయే పిల్లలు కూడా ఆమె తరగతిలో నవ్వుతుండేవారు. ఆ నవ్వులు గోడ దాటి వచ్చి నా కావ్యపాఠానికి అంతరాయం కలిగించేవి. అయితే ఈ బెజవాడలో వేలమంది ఆమెను లెక్కల టీచరుగా ఎరగరు. సైకిలు మీద వెళ్ళే ఆవిడగానే ఎరుగుదురు.

ఆమె తండ్రిగారు గుడివాడ ప్రాంతంలో చర్చి ఉపదేశి. ఆదివారాలు ఒక ఊరి నుంచి మరో ఊరికి కాలువగట్ల మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఆరాధనలు జరిపించేవారట. ఆ సైకిలు మీదనే, సీటు అందని వయసులో, అడ్డ కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నారు దయామణి గారు. పెళ్ళయ్యాక అది మానేశారు. ఎవరూ మానమనలేదు, మానాలని అందరికీ తెలుసు, అంతే. నలభై దాటిన తరవాత, జుట్టులో నెరుపు కనిపిస్తున్న రోజుల్లో, ఒకనాడు ఆకుపచ్చ రంగు లేడీస్ సైకిలు కొనుక్కుని బడికి వచ్చారు. అప్పటికి ఊళ్ళో కాలేజీ ఆడపిల్లలు ఒకరిద్దరు తొక్కేవారేమో గాని, ఆ వయసు గృహిణి కుచ్చెళ్ళు ఎగదోపుకుని సైకిలెక్కడం మా వీధులకు కొత్త. మేడల మీదికి ఎక్కి చూశారు జనం.

“ఎందుకండీ ఇప్పుడిది?” అని అడిగాను.

“గాలి కోసమండీ మాస్టారూ. బస్సెక్కితే వచ్చే గాలి బస్సుది, రిక్షా ఎక్కితే రిక్షాది. సైకిలు మీద గాలి మాత్రం నేను తొక్కితే పుట్టిందండీ. ఆపితే ఆగిపోద్ది. పూర్తిగా నా సొంతం.”

ఆమె భర్త ఆనందరావు గారు రైల్వేలో గార్డు. మితభాషి. భార్య సైకిలు గురించి ఇరుగుపొరుగు అడిగితే, “ఆవిడ రైలుకి ఆవిడే గార్డండీ” అని లోపలికి వెళ్ళిపోయేవారు.

మాచవరంలో వారి ఇంటి నుంచి బడికి దూరం తక్కువే. ఆ కాస్త దూరం ఆమెకు చాలలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాఫీ తాగి, మళ్ళీ బయలుదేరేవారు. ఏలూరు కాలువ గట్టు వెంట గుణదల వైపు కొంతదూరం వెళ్ళి, పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చేవారు. సరుకులు కొనడానికి కాదు, చుట్టాల ఇంటికీ కాదు. చిక్కు అక్కడే వచ్చింది.

అప్పటి ప్రధానోపాధ్యాయిని పదవీ విరమణకు దగ్గర పడ్డారు. సీనియారిటీ ప్రకారం ఆ కుర్చీ దయామణి గారిది. పాఠశాల పాలకవర్గంలో ఒక పెద్దాయన ఉండేవారు. దుష్టుడు కాదు, లోకానికి భయపడే మనిషి. ఆయన ఒకనాడు దయామణి గారిని ఆఫీసు గదికి పిలిపించారు. పెద్దవాణ్ణని నన్నూ కూర్చోమన్నారు.

“బడికి రావడానికి సైకిలంటే సరేనమ్మా, అర్థం చేసుకోగలం. సాయంత్రాలు కూడా తొక్కుతున్నారటగా?”

“అవునండీ.”

“ఎక్కడికి వెళ్తుంటారు?”

“ఎక్కడికీ కాదండీ.”

“ఎక్కడికీ కాకపోతే ఎందుకు తొక్కడం?”

“బాగుంటుందండీ” అన్నారు దయామణి గారు.

పెద్దాయనకు ఈ జవాబు మింగుడు పడలేదు. కాసేపు పేపర్ వెయిటు తిప్పుతూ కూర్చున్నారు. “ఆడపిల్లల బడమ్మా ఇది. రేపు హెడ్మిస్ట్రెస్ కాబోయే మనిషి ఊరికే గట్ల మీద తిరుగుతుంటే పిల్లలు చూస్తారు గదా!”

“చూస్తున్నారండీ. చేతులు కూడా ఊపుతున్నారు.”

నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. పెద్దాయన నవ్వలేదు. సాయంత్రపు షికార్లు మానేస్తానని మాట ఇస్తే కుర్చీ విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండదని, ఆలోచించుకోమని, మృదువుగానే చెప్పి పంపారు.

ఆ సాయంత్రం నేను ఆమెకు ఒక ఉపాయం చెప్పాను. హ్యాండిలుకు ఒక సంచీ తగిలించుకోండి, కూరలకు వెళ్తున్నానని చెప్పవచ్చు, లోకం నోరు మూతపడుతుంది, అని. ఆమె పడీ పడీ నవ్వారు. “సంచీ పెట్టుకుంటే వంకాయలు కొనాలి కదండీ మాస్టారూ. వంకాయలు కొంటే బేరమాడాలి. బేరమాడితే షికారెక్కడ మిగులుద్దండీ?”

నవ్వారే గాని, ఆ వారమంతా ఆమె కలత పడ్డారు. నాకు తెలుసు. ఆ పదవి మీద ఆమెకు ఆశ ఉండేది. పిల్లల కోసం ఏమేం చేయాలో ఎన్నోసార్లు నాతో చెప్పారు. చివరికి పెద్దాయన ఎదుట నిలబడి, “మాట ఇవ్వలేనండీ. ఇచ్చినా నిలబెట్టుకోలేను. వేసవిలో కాలువకి నీళ్ళొదిలిన రోజున నన్ను ఎవరాపుతారండీ?” అన్నారు. ఆ కుర్చీలోకి గుడివాడ నుంచి వరలక్ష్మి గారు వచ్చారు.

వరలక్ష్మి గారు వచ్చిన కొత్తలో దయామణి గారి కంట పడకుండా తప్పించుకుని తిరిగేవారు. ఇతరుల పీట మీద కూర్చున్నామన్న సంకోచం. ఒక సాయంత్రం దయామణి గారు గేటు దగ్గర సైకిలు ఆపి, “రండి మేడమ్, వెనకాల కూర్చోండి, దింపుతాను” అన్నారు. ఆమె వద్దు వద్దంటూనే ఎక్కారు. ఇంటి వద్ద దింపకుండా గట్టు మీదికి తీసుకుపోయారట. మర్నాడు ప్రార్థన సమయంలో వరలక్ష్మి గారు దయామణి గారి వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. ఆనాటి నుంచి ఆ ఇద్దరి నడుమ కుర్చీ మాట రాలేదు.

ఆనందరావు గారు ఒకసారి నన్ను పిలిచి, “నాకు డ్యూటీలు, ఊళ్ళో ఉండను. మీరు సైకిలు నేర్చుకుంటే ఆవిడకు తోడుంటారు కదండీ పంతులు గారూ” అన్నారు. అప్పటికి నాకు యాభై. పంచె కట్టే మనిషిని. వేసవి సెలవుల్లో, బడి ఆటస్థలంలో, దయామణి గారు సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతూ నాకు సైకిలు నేర్పారు. ఆమె బోధనాపద్ధతి నిరాడంబరం. “హ్యాండిలు చూడకండి మాస్టారూ, ఆ గోడ చూడండి” అనేవారు. గోడ చూసినందువల్ల వెళ్ళి గోడకే గుద్దుకున్నాను. “పర్లేదు, చూసిన చోటికే వెళ్ళారు. విద్య వచ్చేసినట్టే” అన్నారు. పంచె అంచు చెయినులో చిక్కి నల్లని జిడ్డు పట్టేది. మా ఆవిడ ఆ మరకలు ఉతుకుతూ నన్నూ, ఆమెనూ, ఆ యంత్రాన్ని కనిపెట్టినవాణ్ణీ కలిపి దీవించేది.

ఆమె ఒకనాడు పట్టు వదిలేసి కూడా వెనక పరిగెత్తుతూనే వచ్చారు. నేను ఒంటరిగా తొక్కుతున్నానని నాకు తెలియదు. తెలిసిన క్షణంలో కలిగిన ఆనందాన్ని వర్ణించమంటే, ఇంత కవిత్వం చదివిన నాకు పదాలు దొరకవు. శరీరం తన బరువును ఎక్కడో దింపి వచ్చినట్టనిపించింది.

ఆ తరవాత మేము గట్టు మీద గడిపిన సాయంత్రాలే నా జీవితంలో అత్యంత నిర్మలమైన సమయం. ఏలూరు రోడ్డు మీద ఎండకు కాగిన తారు సెగ. గట్టు వైపు మలుపు తిరగగానే ముందు ముంజేతులకు చల్లదనం తగిలేది, పిదప మొహానికి. “ఇదిగో, ఇక్కడ! చూశారా?” అనేవారు ఆమె, ప్రతి సాయంత్రమూ, అదే చోట, మొదటిసారిలాగే. పడవలవాళ్ళు పొయ్యి మీద వేయించే ఎండుచేపల వాసన వస్తే నేను ముక్కు మూసుకునేవాణ్ణి. ఆమె నన్ను చూసి బెల్లు మోగించేవారు. ఇళ్ళు పలచబడి పొలాలు మొదలయ్యే చోట వేగం తగ్గించేవారు. నేను ముందుకు పోబోతే, “తొందరున్నవాళ్ళకి మా ఆయన రైలుంది కదండీ” అనేవారు. నాట్లు వేసే ఆడవాళ్ళకు చెయ్యి ఊపేవారు. వాళ్ళు నడుం ఎత్తి తిరిగి ఊపేవారు. ఏ మహత్కార్యమూ జరిగేది కాదు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాళ్ళం. ఆ రాత్రి అన్నం రుచిగా ఉండేది.

గత సంవత్సరం ఆమెకు ఆయాసం మొదలైంది. మొదట వంతెన ఎక్కేటప్పుడు, తరవాత చదునైన దారిలోనూ. గుండె కవాటం చెడిందని, మెట్లు కూడా ఎక్కవద్దని, సైకిలు మాటే ఎత్తవద్దని డాక్టరు చెప్పారు. ఆమె సెలవు పెట్టి వరండాలో కుర్చీ వేసుకున్నారు. చూడటానికి వెళ్ళినప్పుడు, “కూర్చుంటే గాలి రావట్లేదండీ మాస్టారూ” అన్నారు. ఆ ఒక్కమాటే ఆమె చేసిన ఫిర్యాదు.

ఆనందరావు గారు అప్పటికి రిటైరయ్యారు. ఒక సాయంత్రం ఆయన తన పాత సైకిలు దులిపి, క్యారియరుకు తలగడ కట్టి, భార్యను కూర్చోబెట్టుకుని గట్టు మీదికి బయలుదేరారు. నేను పక్కన నా సైకిలు మీద. ఆమె ఆయన నడుం పట్టుకుని వెనక నుంచి పురమాయించేవారు: “అబ్బ, అన్నిసార్లు బ్రేకెందుకండీ! ఇది గూడ్సు బండి కాదు.” ఆయన బ్రేకు వదిలేవారు.

మొన్న జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలారు. చూడాలన్నారు ఆమె. ఆ రోజు తన ఆకుపచ్చ సైకిలు మీదనే తీసుకెళ్ళమన్నారు. వంతెన నడినెత్తిన ఆగాం. ఎర్రని కొత్త నీరు ఎండు గడ్డినీ ఆకులనీ నెట్టుకుంటూ కిందికి పోతోంది. ఆమె చాలాసేపు చూశారు. తరవాత భర్త చేతిలోని హ్యాండిలు మీద చెయ్యి వేశారు.

“ఈ దిగుడు వరకు నేను వెళ్తానండీ.”

“డాక్టరు గారు…” అన్నారు ఆనందరావు గారు.

“తొక్కనండీ. దిగుడే కదా. కూర్చుంటే అదే వెళ్ళిపోద్ది.”

ఆయన నా వైపు చూశారు. నేను నా సైకిలుకు స్టాండు వేశాను. ఆయన బ్రేకులు రెండూ నొక్కి చూశారు. సీటు గట్టిగా ఉందో లేదో కదిపి చూశారు. అప్పుడు పక్కకు తొలగి, హ్యాండిలు ఆమెకు ఇచ్చారు.

దయామణి గారు కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఎక్కి కూర్చున్నారు. కాళ్ళు కదపలేదు. సైకిలు మెల్లగా కదిలి, వేగం పుంజుకుంది. పైట వెనక్కి లేచింది. అడ్డం వచ్చిన గేదె ఒకటి బెల్లు విని తప్పుకుంది. మేమిద్దరం వంతెన మీద నిలబడి చూశాం. వాలు అయిపోయాక కూడా అది చాలా దూరం పోయి, మెల్లమెల్లగా ఆగింది. ఆమె ఒక కాలు నేలకు ఆనించి, వెనక్కి తిరిగి, మా కోసం చెయ్యెత్తారు.

మేము చేరుకునేసరికి ఆయాసం లేదు. మొహమంతా నవ్వు. “చాలా?” అని అడిగారు ఆనందరావు గారు. “చాలండీ” అన్నారు ఆమె. ఆయన పైపంచెతో ఆమె నుదురు తుడిచారు. వారి దాంపత్యం గురించి నేను ఇంతకంటే చెప్పబోను.

సమాధి చేసిన రోజున బడి పిల్లలందరూ వచ్చారు. పాలకవర్గపు పెద్దాయన కూడా కర్ర ఊతంతో వచ్చి చివర నిలబడ్డారు. మట్టి వేసి వెళ్ళిపోయారు.

నిన్న సాయంత్రం ఇంట్లో కూర్చోలేక గట్టు మీదికి వెళ్ళాను. గుణదల దాటాక నాట్లు సాగుతున్నాయి. నారుకట్టలు అందిస్తున్న ఒక ఆవిడ నన్ను చూసి ఒడ్డుకు వచ్చింది.

“ఇయ్యాల ఒక్కరే వచ్చారేం పంతులు గారూ? ఆ అమ్మగారు రాలేదా?”

చెప్పాను. ఆమె చేతిలోని నారుకట్ట గట్టు మీద పెట్టేసింది.

“అయ్యో తల్లీ! మమ్మల్ని చూసి చెయ్యూపకుండా ఒక్కనాడూ పోలేదయ్యా.” కొంగుతో కళ్ళు ఒత్తుకుని అడిగింది: “ఇన్నేళ్ళూ ఊపడమేగాని పేరు తెలవదు. ఏం పేరండీ ఆ అమ్మది?”

“దయామణి గారు” అన్నాను.

ఆవిడ పొలంలోకి తిరిగి, నడుములు వంచి ఉన్న మిగతా ఆడవాళ్ళకు ఆ పేరు గట్టిగా చెప్పింది. వాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. బురద చేతులతో, దారి వైపు చూస్తూ, కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ మహనీయురాలికి నా పాండిత్యంతో సమర్పించగల నివాళి అంతకు మించి ఏదీ లేదు. నేనూ సైకిలు దిగి వారితోపాటు నిలబడ్డాను.