ఏడిండ్ల బియ్యం

పోయిన పురటాసి నెల మూడో శనివారం పొద్దున మా మనవరాలు ఫోనులో ఏదో నొక్కింది, అరగంట తిరక్కముందే అయిదు కిలోల బియ్యం సంచీ మా కోయంబత్తూరు ఫ్లాటు తలుపు ముందుకు వచ్చేసింది. నామం పెట్టి తులసి చుట్టిన ఇత్తడి చెంబులోకి ఆ బియ్యం వంపి, తళిగకు, అంటే పెరుమాళ్ల నైవేద్యానికి, అంతా సిద్ధమని నన్ను పిలిచింది. వంగి చూశాను. ప్రతి గింజా ఒకే తెలుపు, ఒకే పొడవు. పదేళ్ల వయసులో చేసిన ఒక పనికి డెబ్బై ఒకటో ఏట నా చెంపలు వేడెక్కాయి.

మాది ఉడుమలైపేట పక్కన తోట. తోట అంటే పూలమొక్కలు అనుకునేరు, మా వైపు పొలాన్నీ దాని నడుమ ఉండే ఇంటినీ కలిపి తోట అంటారు. ఏనాడో తరాల కిందట మా పెద్దలు ఈ నల్లరేగడికి వచ్చి నిలిచిపోయారు. బడిలో తమిళం, ఇంట్లో మా తెలుగు. ఈ అక్షరాలు కూడా నేను నలభై దాటాక ఒక్కొక్కటే దిద్దుకుని నేర్చుకున్నవి, కనుక తప్పులుంటే చదువుతున్న నా ఈడువాళ్లు మీరే సర్దుకోండి. మా ఇంటి గురించి చెప్పేటప్పుడు గర్వం తగ్గించుకోమని మాత్రం అడగకండి, అది నా వల్ల కాదు.

పురటాసి వచ్చేసరికి ఆడి నెల గాలి వాలిపోయి, పడమటి కొండల మీద మబ్బు కూర్చునేది. వేరుశనగ పీకి ఇంటి ముందు కళ్లంలో ఆరబోసేవాళ్లం. ఏడెకరాల తోట, నాలుగు తరాలు, పద్నాలుగు మంది. వాన పడేలోపల కాయలు ఇంట్లోకి చేరాలి కాబట్టి పసిపిల్లలు తప్ప ఊరికే కూర్చునే వాళ్లుండరు. మా తాతకు అమ్మ, అంటే మా పెద్దవ్వ, చూపు దాదాపు పోయినా గోడవార అరుగు మీద కూర్చుని విత్తనానికి కాయలు ఒలిచేది. తాలుగింజ ఏదో గట్టిగింజ ఏదో ఆమె వేళ్లకు తెలుసు. కళ్లు పోయాయి గాని చెవులు పాము చెవులు, బావి దగ్గర పలుపు తెంచుకున్న దూడ ఏదో అరుగు మీద నుంచే చెప్పేది. పెద్దవ్వ కోడలు మా అవ్వ. ఇల్లంతా నడిపేది అవ్వే అయినా, ఆఖరి మాట మాత్రం అరుగు మీద నుంచే రావాలి.

పురటాసి శనివారాలు పెరుమాళ్లువి. మూడో శనివారం ప్రతి ఇంటా తళిగ వేస్తారు గాని మా ఇంటి పద్ధతి ఒకటి ఉంది. గాదె నిండా ధాన్యం ఉన్నా సరే, ఆ రోజు స్వామికి పెట్టే అన్నం మా బియ్యంతో వండకూడదు. ఇంటి పిల్లల్లో ఒకరు నామం పెట్టుకుని, చెంబు ఎత్తుకుని, గోవిందా అంటూ ఏడు ఇండ్ల గడపల ముందు నిలబడి పిడికెడు పిడికెడు అడిగి తేవాలి. ఎంత వస్తే అంతే, దాన్నే వండి నైవేద్యం పెట్టి పద్నాలుగు మందీ పంచుకోవాలి. ఏడెకరాలున్న వాడైనా ఏడాదికొక పూట అడుక్కుని తినాలన్నది మా పెద్దల ఏర్పాటు.

ఎప్పుడూ మగపిల్లలే చెంబు ఎత్తుకునేవారు. ఆ ఏడు అన్నయ్యకు మీసం మొలిచి బిడియం వచ్చింది, తమ్ముడికి నాలుగేళ్లు. పెద్దవ్వ ఆలోచనలో పడగానే అవ్వ నన్ను ముందుకు తోసింది. తాను కోడలై వచ్చిన నాటి నుంచి ఆడపిల్ల చెంబు ఎత్తడం చూడలేదని పెద్దవ్వ అంది. నలభై ఏళ్లుగా అత్తకు ఎదురు చెప్పని మా అవ్వ ఆ రోజు చెప్పింది.

"ఆ బిడ్డ ఎత్తుకోనీ అత్తా. తప్పు వచ్చిందంటే నాది."

"సరి, ఎత్తుకోనీ. తప్పు వచ్చిందో, ఇంగ ఈ ఇంట్లో ఆడబిడ్డ చెంబు తాకరాదు."

అంత మాట నా నెత్తిన ఉందని తెలిసే బయలుదేరాను. తీరా చూస్తే దారిలో మొదటి ఇల్లు మా తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లది. మాకు ఇంత తోట, రెండు జతల ఎద్దులు, కరెంటు మోటారు అని ఆ పిల్ల దగ్గర నేను కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు ఆ గడప ముందు చెంబు చాపి నిలబడాలంటే కాళ్లు రాలేదు. గడ్డివామి చాటున కూర్చున్నాను. ఏడిండ్లు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కవేసుకుని అంతసేపూ అక్కడే ఉండి, అందరూ ముందు కళ్లంలో ఉండగా పెరటి దారిన ఇంట్లో దూరాను. అరుగు గోడకు ఆనుకున్న గదిలోనే బియ్యం కుండ. దాని రాతి మూత జరపగానే గర్రుమంది. కుండ పక్కన నక్కి చెవులు రిక్కించాను, ఎవరూ రాలేదు. చెంబు నింపుకుని, మళ్లీ చుట్టూ తిరిగి ముందువైపు నుంచి గోవిందా అని గట్టిగా అరుస్తూ వచ్చాను.

చెంబు అందుకోవడానికి అవ్వ ఎదురొచ్చింది. లోపలికి ఒక్క చూపు చూసింది, తర్వాత నన్ను చూసింది. అరుగు మీద పెద్దవ్వ చెంబు కోసం అప్పటికే చెయ్యి చాచి ఉంది.

"తులసి జారిపోయినట్టు ఉండాది అత్తా, ఇట్ల పెట్టరాదు. ఇంకొక తడవ పోయి వస్తాము, నేనూ పోతా," అంది అవ్వ. అవ్వ నోట నేను విన్న అబద్ధం జీవితంలో అదొక్కటే.

బావి దాటాక ఆగి, నా భుజం పట్టుకుంది.

"ఏడిండ్ల బియ్యం ఒకే మాదిరి ఉంటాదా అమ్మణీ?"

అప్పటికి గాని నా తెలివితక్కువతనం నాకు తెలియలేదు. ఒకరు దంపుడు తింటారు, ఒకరు ఉప్పుడు తింటారు, ఒకరింట్లో నూకే ఉంటుంది. నా చెంబులో అంతా మా కయ్యలో పండిన ఎర్రజీర బియ్యమే. ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కమా అని అడిగింది. సిగ్గును మావాళ్లు తమిళమాటతో వెక్కమనే అంటారు. తలూపాను.

"నాకూ వెక్కమే, ఈ నొప్పికాళ్లు ఈడ్చుకుని అందరి ముందరా నడిచేదానికి. నడుస్తాము రా."

చెంబులోని బియ్యాన్ని కొంగులోకి వంపుకుని మూటగట్టింది. దాన్ని తిరిగి కుండలో పోయకూడదట, స్వామికి పెట్టకూడదట. మరి ఏం చేస్తామని అడిగితే, ఇచ్చేస్తామంది.

మొదటి గడప ముందు గోవిందా అని సగమే అన్నాను. ఆ పిల్ల తల్లి చాటలో ఏదో చెరుగుతూ తలెత్తి, నా నామం చూసి, చాట కింద పెట్టి లోపలికి పోయింది. తిరిగి వచ్చి చెంబెడు నీళ్లు నా కాళ్ల మీద పోసి, కూతురిని పిలిచి నాకు మొక్కమంది. అంతసేపూ ఏ అవమానానికి భయపడి గడ్డివామి చాటున నక్కానో, అక్కడ నా తోటిపిల్ల నా కాళ్ల ముందు వంగి ఉంది. నా నడుము నాకు తెలియకుండానే నిటారైంది. అవ్వ అది కనిపెట్టి, ఆ తమిళుల ఇంట ఎవరికీ అర్థం కాకుండా మా మాటలో చెవిలో అంది: "నీకి కాదే, చెంబుకి."

ఆవిడ పిడికెడు బియ్యం పోశాక అవ్వ కొంగు విప్పి, ఇది మా కయ్యది, మీ ఉలెలో, అంటే ఎసట్లో, కూడా వేసుకోండని తమిళంలో చెప్పి ఒక పిడికెడు ఆవిడ చేతిలో పెట్టింది. అడగడానికి వచ్చినవాళ్లు ఇచ్చి పోవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. కళ్లకద్దుకుంది.

అలా ఏడు ఇండ్లు తిరిగాం. ఎండలో అవ్వ రెండు చోట్ల గట్టు మీద కూలబడింది గాని వెనక్కి పోదామనలేదు. ఏడో ఇంట్లో ఒంటరి ముసలామె. బియ్యం లేవని నొచ్చుకుంటూ, కుండ అడుగున ఉన్న చామలు, అదే సామలు, దోసిట తెచ్చింది. అవ్వ వాటిని కూడా చెంబులో పోయించుకుని, కొంగులో మిగిలిన బియ్యమంతా ఆమెకిచ్చింది.

మేం వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పెద్దవ్వ చెంబు ఒళ్లో పెట్టుకుని వేళ్లు దూర్చింది. లావు గింజ, సన్న గింజ, నూక, ఒక్కొక్కటీ తడుముతూ పోయిన వేళ్లు చామల దగ్గర ఆగాయి. మా చుట్టుపక్కల చామలు వండుకునే ఇల్లు అదొక్కటే.

"ఏడిండ్లూ తిరిగింది," అంది పెద్దవ్వ. "వచ్చే ఏడూ ఈ బిడ్డే పోనీ."

నా పెళ్లయ్యే వరకూ నేనే ఎత్తుకున్నాను, నా తర్వాత చిన్నమ్మ కూతుళ్లు ఎత్తుకున్నారు. మా బియ్యం పిడికెడు ఇచ్చి పిడికెడు తెచ్చుకోవడం ఆ ఏటి నుంచి మా ఇంటి పద్ధతైంది. అది ఎలా మొదలైందో అవ్వ చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ శనివారమే మొదటిసారి మనవరాలికి చెప్పాను. చెప్పి, చెంబులోది సంచీలోకి వంపించి, పద, పై అంతస్తు నుంచి మొదలుపెడదామన్నాను.

"ఫ్లాట్స్‌లోనా అవ్వా? అందరూ ఏమనుకుంటారు! వెక్కంగా ఉంటాది."

"నాకూ వెక్కమే, ఈ మోకాళ్లతో. నడుస్తాము రా."

అప్పట్లో నామం చూస్తే చాలు, ఎందుకు వచ్చారని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు తలుపు తలుపుకీ కథంతా చెప్పాల్సి వచ్చింది, నేను తమిళంలో, మనవరాలు ఇంగ్లీషులో. పదకొండు ఇండ్ల గంట మోగిస్తే ఏడు తలుపులు తెరుచుకున్నాయి. ఒకాయన డబ్బు తీయబోతే వద్దని పిడికెడు బియ్యమే అడిగాం. కేరళ వాళ్లు ఎర్రటి లావు గింజ పోశారు. ఉత్తరాది నుంచి వచ్చిన కొత్తకోడలు పొడుగు గింజ పోసింది, మేం సంచీలోంచి ఇచ్చిన బియ్యాన్ని చున్నీ చాపి పట్టుకుంది. కాళ్లకు నీళ్లెవరూ పోయలేదు, నేనూ అనుకోలేదు.

ఆ అన్నం ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు బిరుసుగా ఉడికింది. మా తోటలో ఇప్పుడు అంతా కొబ్బరే. వేరుశనగ లేదు, కళ్లం లేదు, అరుగు కూడా పడగొట్టి కారు షెడ్డు కట్టారు. అన్నీ మారాయి గాని రుచి అదే. తింటూ తింటూ మనవరాలు ఆగి అడిగింది: పెద్దవ్వవి పాము చెవులు కదా, ఆ గోడకే ఆనుకుని కూర్చుంది కదా, మరి కుండ మూత గర్రుమన్నది ఆమెకు వినబడలేదా?

అరవై ఒక్క ఏళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు. వినే ఉంటుంది. విని, అవ్వ ఏం చేస్తుందో, నేనేం చేస్తానో చూద్దామని చెయ్యి చాపి ఊరుకుని ఉంటుంది. అడిగి తెలుసుకుందామంటే ఆ కళ్లంలో ఉన్న పెద్దవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఒకరు నా తప్పు చూసి దాచారు, ఇంకొకరు విని విననట్టున్నారు, ఇద్దరూ కలిసి నా చేత ఏడిండ్లూ నడిపించారు. నేను ఆ ఇంటి పిల్లను.