అరిగిన క్లచ్‌తో ఉదయగిరికి

నెల్లూరు బస్టాండులో ఆత్మకూరు వైపు పోయే బస్సు తెల్లవారుజామునే ఎక్కాం. సైకిళ్లతో పోదలచినవాళ్లు నా మాట విని పొద్దున్నే రండి. ఎండెక్కితే బస్సుల్లో మనుషులకే చోటుండదు. నేనూ నూర్జహానూ ముందు చక్రాలు ఊడదీసి, సైకిళ్లను పాత దుప్పట్లలో చుట్టి, వెనక సీటు పక్కన నిలబెట్టాం. కండక్టరు లగేజీ టికెట్లు కొట్టి, దుప్పటి అంచు ఎత్తి చూశాడు.

"గేర్ల సైకిళ్లా? ఇవి కొండలెక్కుతాయంట గదా, నిజమేనా?" అన్నాడు.

"తొక్కేవాళ్లుంటే ఎక్కుతాయన్నా," అన్నాను. నూర్జహాన్ నవ్వలేదు. కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చుంది.

నూర్జహాన్, నేను ఒకే ఆసుపత్రిలో పనిచేస్తాం. ఆమె ఫిజియోథెరపీలో, నేను ల్యాబులో. కొన్నేళ్లపాటు ఆదివారాలు కలిసి సైకిళ్లు తొక్కేవాళ్లం. రోడ్డు మీద కాదు, రాళ్లలో, గుట్టల్లో. మా ఇద్దరిలో ఆమెకే దూకుడెక్కువ. నిరుడు రాపూరు అడవి అంచున ఒక దిగుడులో లేచి నిలబడి తొక్కుతుంటే ఉన్నట్టుండి చైను ఊడింది. పెడలు మీద వేసిన బరువంతా గాలిలో పోయి, ముందుకు పడి, భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆమె మళ్లీ రాళ్ల మీదికి రాలేదు. "నా కాలే తప్పింది శైలూ, నాకింక చేతకాదు," అని ఒక్కసారి అన్నది. ఆ మాట తర్వాత ఎవరడిగినా ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

ఈమధ్య ఉదయగిరిలో ఉన్న వాళ్ల పిన్నమ్మ, అంటే వాళ్ల మాటలో ఖాలా, రమ్మని ఫోను చేసినప్పుడు నేను పట్టుబట్టాను. ఆత్మకూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి సైకిళ్లు, మర్నాడు దుర్గం కొండ కింద రాళ్ల దారి. వారం పాటు బతిమాలితే సరేనన్నది. ఆ సంబరంలో నాకు ముందురోజు సరిగా నిద్ర కూడా పట్టలేదు.

ఆత్మకూరులో దిగేసరికి బాగా తెల్లవారింది. బస్టాండు ఎదుట కారం దోసెలు తిన్నాం. పెనం మీదినుంచి నేరుగా ఆకులోకి వేశారు, నోరు మండిపోయింది. చక్రాలు బిగించుకుని బయలుదేరాం. మర్రిపాడు రోడ్డు మీద లారీలు ఎక్కువ, అందుకని వీలైన చోటల్లా పక్కనున్న మట్టిబాటలు పట్టాం. ఎర్రమట్టి, చిట్టడవి, నడుమ నడుమ నిమ్మతోటలు. గాలిలో నిమ్మపూల వాసన. నాకు గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా. వెనకనుంచి నూర్జహాన్ అరుపు వినబడలేదు. వినబడింది మరొకటి. టకటకా, టకటకా, ఇనుము మీద ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు.

"ఏంది మే ఆ చప్పుడు?" అన్నాను.

"చైను. ఎప్పుడూ అట్టానే కొట్టుకుంటా ఉండాది లే. పా," అన్నది.

ఒక వంక దాటి అవతలి దిగుడులోకి దిగామో లేదో చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే ఆమె సైకిలు బాటకడ్డంగా ఉంది, ఆమె పక్కనే నిలబడి ఉంది. పడలేదు. బ్రేకులు పట్టి దూకేసింది. కానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. చైను ముందు పళ్లచక్రం మీదినుంచి జారి వేలాడుతోంది.

గొర్రెలు తోలుకొస్తున్న ఒకాయన ఆగి, మమ్మల్నీ సైకిళ్లనూ చూశాడు. "ఎద్దులబండే ఈడ మెల్లగ దిగతాది. మీరేందమ్మా ఇట్టా దూకతా ఉండారు?" అన్నాడు.

నూర్జహాన్ నీళ్లు తాగి, "చూసినావా? మళ్లా అదే. నాకు రాసిపెట్టి లేదు. నన్ను బస్సెక్కించు," అన్నది.

నేను సైకిలు దగ్గర కూర్చున్నాను. వెనక చక్రం పక్కన గేర్లు మార్చే యంత్రం ఉంటుంది, డిరేలర్ అంటారు. దాని కింద వేలాడే చేయి చైనును బిగువుగా పట్టి ఉంచుతుంది. రాళ్ల మీద ఆ చేయి ముందుకు ఊగకుండా లోపల చిన్న క్లచ్ ఒకటి పనిచేస్తుంది. ఆమె సైకిలుకు ఆ చేతిని వేలితో ముందుకు తోశాను. తలుపు లేని గడపలా అడ్డే లేదు, ఊరికే వచ్చేసింది. క్లచ్‌ను వేసే మీటను ఎవరైనా ఆపేశారేమోనని చూశాను. వేసే ఉంది. నా సైకిలుకు తోసి చూశాను. బొటనవేలు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది.

"నూర్జా, ఇటు రా. ఇది తోయి. ఇప్పుడు నాది తోయి."

రెండూ తోసింది. మళ్లీ తనది తోసింది. మళ్లీ నాది.

"రాపూరులో పడినప్పుడు కూడా ఇదే డిరేలర్ గదా?" అన్నాను.

"సైకిలు కొన్నప్పటినుంచీ ఇదే."

"అయితే తప్పింది నీ కాలు కాదు మే. క్లచ్ అరిగిపోయింది. చైనును పట్టుకునేది లేక ఎగిరి ఊడింది."

ఆమె ఆ ఇనుప చేతిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ చాలాసేపు అక్కడే కూర్చుంది.  ఏడాదిగా దొరకని జవాబు ఆ వంక ఒడ్డున దొరికింది.

రోడ్డెక్కి నిలబడితే నిమ్మకాయల బస్తాలతో పోతున్న ఆటో ఒకటి ఆగింది. బస్తాల మీద సైకిళ్లు, సైకిళ్ల పక్కన మేము. మధ్యాహ్నానికి ఉదయగిరి చేరాం. ఊరి వెనక దుర్గం కొండ గోడలా నిలబడి ఉంది.

జమీలా ఖాలా ఇల్లు కొండవైపు వీధిలో. వసారా నిండా కట్టెపేళ్లు, గరిటెలు, చెంచాలు. ఆ వీధిలో చాలా ఇళ్లలో చెక్క గరిటెలు చేస్తారు. ఖాలా మమ్మల్ని చూసి నూర్జహాన్‌ను కావలించుకుని, "ముందు తినండి, తర్వాత మాట్లాడండి," అన్నది. జొన్నరొట్టె, కోడికూర పెట్టింది.

తిన్నాక వసారాలో సైకిలు తలకిందులు చేశాను. క్లచ్ మూత విప్పితే తుప్పు పొడి రాలింది. గుడ్డతో తుడిచి, కాస్త గ్రీజు పూసి, లోపలి చిన్న నట్టు బిగించాను. బిగించగలిగినంత బిగించినా చేయి వదులుగానే ఊగింది. పట్టు ఇవ్వాల్సిన పట్టీ నున్నగా అరిగిపోయింది. చెన్నైలో సైకిలు సామాన్ల దుకాణానికి ఫోను చేస్తే, తెప్పించాలంటే రోజులు పడుతుందన్నారు.

"సరేలే. రేపు బస్సులో పోదాం," అన్నది నూర్జహాన్. కానీ ఆ గొంతులో పొద్దున్నటి నీరసం లేదు. కోపం ఉంది. నాకు ఆ కోపం నచ్చింది.

"క్లచ్ లేకపోతే చైను ఎగురుతుంది. ఎగరనీ. ముందు పళ్లచక్రం మీదినుంచి పక్కకు దిగకుండా ఆపితే చాలు గదా?" అన్నాను. "చైనుకు రెండువైపులా చిన్న గోడ. ఇనుముది కానక్కర్లేదు."

ముగ్గురం ఒకేసారి కట్టెల వైపు చూశాం.

ఖాలా సైకిలు చుట్టూ తిరిగి చూసింది. "గరిటె అయితే కళ్లు మూసుకోని చేస్తా. ఇట్టాంటిది ఎప్పుడూ చేయలా. చూద్దాం, పాడైతే పొయ్యిలోకి పోతాది," అన్నది.

అగ్గిపెట్టె అంత ముక్క కోసి, నడుమ గాడి తీసింది. చైను ఆ గాడిలోంచి పోయేలా, ముందు పళ్లచక్రానికి పైన, సీటు కింది గొట్టానికి ప్లాస్టిక్ ట్యాగులతో బిగించాను. పెడలు తిప్పితే బ్రహ్మాండంగా తిరిగింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. గేరు మార్చగానే చైను పక్కకు ఒరిగి గాడి గోడను రాసింది. ఠప్పుమని చెక్క చీలింది.

"అయిపాయె," అన్నది ఖాలా.

నూర్జహాన్ మాత్రం చీలిన ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. "ఖాలా, ముందరవైపు ఇరుకుగానే ఉండనీ. వెనకవైపు చేటలాగా వెడల్పు చెయ్యి. గేరు మార్చినప్పుడు చైను ఈడ అటూఇటూ పోతాది గదా," అన్నది. ఏడాది తర్వాత ఆమె నోట సైకిలు గురించి ఇంత పొడుగు మాట వినడం అదే మొదలు.

రెండో ముక్కకు ఖాలా ఇంకా గట్టి కట్టె తీసింది. గాడిని ఆకురాయితో రాకి, ఉప్పుకాగితంతో నున్నగా చేసి, చెనక్కాయ నూనె పట్టించింది. నేను పాత ట్యూబు కోసి ఇనుప గొట్టానికి చుట్టాను, చైను కొట్టుకున్నా దెబ్బ తగలకుండా. గేర్లన్నీ మార్చి చూశాం. వీధిలోకి తీసుకుపోయి అరుగు మీదినుంచి దింపాం. చైను ఊడలేదు. ఖాలా కొంగుతో చేతులు తుడుచుకుని, "ఇప్పుడు దీనికి పేరేందబ్బా?" అని అడిగింది. ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఎండ రాకముందే బయలుదేరాం. దుర్గం కొండ అడుగున పశువులు పోయే బాట అది. మొదట చెట్ల నీడలో ఎక్కుడు, తర్వాత బండలు తేలిన దిగుడు. పోయేవాళ్లు నీళ్లు జాస్తిగా తీసుకుపోండి, దారిలో దొరకవు. ఎక్కుడు తుది దాకా నూర్జహాన్ నా వెనకే వచ్చింది. దిగుడు మొదట్లో ఆగింది. నేనూ ఆగాను. కింద ఉదయగిరి ఇళ్లు, దూరంగా ఎర్రచేలు.

"నేను ముందు పోనా?" అన్నాను.

"వద్దు. నా వెనక నువ్వుంటే నాకు ధైర్యం. చైను చూస్తా ఉండు," అన్నది.

వదిలింది. మొదటి బండ, రెండోది, గుండ్రాళ్ల పరుపు. నేను ఆమె చైనునే చూస్తూ దిగాను. పాములా ఎగిరింది, చెక్కకు తగిలింది, మళ్లీ పళ్ల మీదే కూర్చుంది. సగం దిగుడులో ఆమె లేచి నిలబడింది. సరిగ్గా రాపూరులో నిలబడినట్టే.  బలమంతా పెడలు మీద వేసి తొక్కింది. చైను పట్టింది. సైకిలు ముందుకు ఉరికింది. అప్పుడు అరిచింది. కొండ ఆ అరుపును తిరిగి విసిరింది. కిందికి చేరాక ఇద్దరం మట్టిలో కూర్చుని ఊపిరాడనంతగా నవ్వాం. ఆమె వెంటనే లేచి, "ఇంకోసారి," అని సైకిలును పైకి తోసుకుపోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఉదయగిరిలో బస్సెక్కాలి. నూర్జహాన్ బస్టాండు ముందునుంచి ఆగకుండా పోయింది. "బస్సు దుత్తలూరులో కూడా ఆగతాది మే," అని వెనక్కి తిరక్కుండానే అరిచింది. ఎండలో దుత్తలూరు దాకా తొక్కి, అక్కడ సోడా తాగి, నెల్లూరు బస్సెక్కాం.

మా తోవన రాదలచినవాళ్లకు ఒక్క మాట. బయలుదేరే ముందు వెనక డిరేలర్ చేతిని వేలితో ముందుకు తోసి చూడండి. ఊరికే వచ్చేస్తే క్లచ్ మార్పించండి, లేదా బిగించుకోండి. మేము చేసింది గండం గడవడానికే. ఉదయగిరి దారి గొప్పది. అది ఎంత గొప్పదో సైకిలు మీద నమ్మకం ఉన్నప్పుడే తెలుస్తుంది.

బస్సులో మా పక్కన ఒక అవ్వ కూర్చుంది. సైకిలుకు కట్టిన చెక్కను చూపించి, "అదేంది తల్లీ?" అని అడిగింది. నేను చెప్పబోయాను. నూర్జహాన్ నన్ను ఆపింది. తనే మొదలుపెట్టింది, రాపూరు నుంచి. చైను ఎట్లా ఊడిందీ, తను ఎట్లా పడిందీ, ఎముక విరిగినప్పుడు ఏ చప్పుడైందీ. ఏడాదిగా నాకు కూడా చెప్పని సంగతి. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. కండక్టరు వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, నవ్వుతూ చెబుతోంది.

"అంత దెబ్బ తగిలినాక మళ్లా ఎక్కుతావా?" అన్నది అవ్వ.

"పొద్దున ఎక్కినా గదవ్వా," అన్నది నూర్జహాన్. "దిగబుద్ధి కాలా."